వెంట్రుకవాసి

జిలానీ మేస్త్రిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెప్తాడు. అది ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బని ఆయన భార్య అంటుంది. నేనూ కాదనను. ఒకసారి మాటవరసకు, "ఈ ఏడు ఎండలెట్లా ఉంటాయంటావు మేస్త్రీ?" అన్నానో లేదో, నా చేతికి బిందె ఇచ్చి షెడ్డు ముందు నీళ్లు చల్లమన్నాడు. నాకు బండీ లేదు, లైసెన్సూ లేదు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ముద్రలు కొట్టి దిగిపోయినవాణ్ణి. ఆ షెడ్డు పక్క బంకులో టీ బాగుంటుందని రోజూ పొద్దున్నే పోతుంటాను. అందుచేత చూసింది చూసినట్టు చెప్తాను. ఇంజను సంగతుల్లో ఏదైనా తప్పు దొర్లితే ఆ పాపం నాకు చెప్పినవాళ్లది.

ఆయన శిష్యుడు అంకబాబు. ఏడేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ముప్ఫైకి దగ్గరపడ్డాడు, పెళ్లయింది, ఒక కూతురు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒక సోమవారం వాడు అడిగిన ప్రశ్న ఇది.

"గురువుగారూ, నిప్పురవ్వ కాస్త ముందు పడితే ఇంజనుకు బలమని మీరే చెప్పారు. మరి ఇంకాస్త ముందు పడితే ఇంకాస్త బలం రావాలి గదా? ప్రతిసారీ వెంట్రుకవాసి జరిపి ఆపేస్తారేం?"

నాలాంటివాళ్ల కోసం చెప్తున్నాను. పొయ్యి అంటించగానే అన్నం ఉడకదు. ఇంజనులోనూ అంతే. పిస్టన్ పైకొచ్చాక నిప్పు పెడితే ఆలస్యమైపోతుంది, మంట అందుకోవడానికి కొంచెం వ్యవధి కావాలి. అందుకని పిస్టన్ ఇంకా పైకొస్తుండగానే ప్లగ్గులో రవ్వ పడేట్టు చూస్తారు. లోపల కాయిల్ ప్లేటని ఒకటుంటుంది. దాని స్క్రూలు వదులు చేసి ఇటు తిప్పితే రవ్వ ముందు పడుతుంది, అటు తిప్పితే వెనక పడుతుంది. ఎంత తిప్పాలన్నదే విద్య.

అయితే అంకబాబు కడుపులో ఉన్న ప్రశ్న వేరు. వాడు బైపాసు రోడ్డులో ఒక షట్టర్ అద్దెకు తీసుకున్నాడు. గురువారం తొమ్మిదింటికి ముహూర్తం. గురువు వచ్చి మొదటి నట్టు తన చేత్తో విప్పితేనే అది షాపవుతుందని వాడి పట్టు. ఇప్పటికి మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ మేస్త్రి "చూద్దాంలే" అన్నాడు. రెండేళ్ల కిందట వేరుపడతానన్నప్పుడు కూడా అదే మాట. గురువు తనను ఎప్పటికీ సగం మెకానిక్కుగానే చూస్తాడేమోనని వాడికి లోలోపల దిగులు. ఆ దిగులు నాకే కనబడుతుంటే ఆయనకు కనబడదా?

మేస్త్రి చేతులు తుడుచుకుని, "సింగమ్మ బండి విప్పు. నీకెంత తోస్తే అంత జరుపు," అన్నాడు.

సింగమ్మది సముద్రం ఒడ్డున ఓడరేవు అనే ఊరు. ఆమె బండి అంటే లావుపాటి నాలుగు టైర్ల ఇసుక బండి, టూ స్ట్రోకుది. మూతబడ్డ రిసార్టు వాళ్లు వదిలించుకుంటే కొనుక్కుంది. దానికి చిన్న ట్రాలీ కట్టి, పడవల దగ్గర్నుంచి ఇసుక దిబ్బ మీదుగా రోడ్డు మీది ఐసు వ్యాను దాకా చేపల గంపలు చేరేస్తుంది. తనవే కాదు, ఎనిమిది ఇళ్ల గంపలు. దాన్ని 'గిత్త' అని పిలుస్తుంది. ఆ గిత్త ఈ మధ్య దిబ్బ సగం ఎక్కి రొప్పుతున్నది. దానికి సామాను దొరకదు. పిస్టన్ పోతే రెండు నెలలు బండి మూల కూర్చోవడమే, ఆ ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు గంపలు నెత్తికెత్తుకుని దిబ్బ ఎక్కడమే.

మేస్త్రి షెడ్డులో ఒక ఆచారం ఉంది. కాయిల్ ప్లేటు స్క్రూ వదులు చేసేముందు, గోనెలు కుట్టే దబ్బనంతో ప్లేటు మీదా దాని పక్క ఇనుము మీదా కలిపి సన్నటి గీత ఒకటి గీయాలి. ఎంత తిప్పినా మళ్లీ మొదటి చోటికి రావడానికి అదే దారి. అంకబాబు ఆవేళ ప్లేటును కప్పి ఉండే మ్యాగ్నెట్టు చక్రం ఊడదీసి, నన్ను వెంటబెట్టుకుని టీకి వచ్చాడు. తిరిగొచ్చి, దబ్బనం ముట్టుకోకుండానే స్క్రూలు విప్పాడు.

"గీతరా అబ్బాయ్," అన్నాను, నాకెందుకులే అనుకోకుండా.

"వెనక్కి వచ్చే పనుంటే గదా బాబాయ్ గీత!" అని, వెంట్రుకవాసి జరపాల్సిన ప్లేటును వడ్లగింజంత జరిపాడు. మేస్త్రి మరో బండి కింద దూరి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

మర్నాడు తెల్లారేసరికి ముగ్గురం ఓడరేవులో ఉన్నాం. అంకబాబు కిక్కు కొట్టగానే ఆ రాడ్డు ఎదురు తిరిగి వాడి పిక్క మీద ఫెడీమని తన్నింది. వాడు కుంటుతూనే, "చూశారా బలం!" అన్నాడు. రెండోసారి అందుకుంది. అబ్బో, నిజం చెప్పొద్దూ, ఏం ఎక్కిందనుకున్నారు! ఆరు గంపలతో దిబ్బ మీదికి దూకినట్టు పోయింది. సింగమ్మ రెండు చేతులూ వాడి తల చుట్టూ తిప్పి మెటికలు విరిచింది. "సల్లగుండు నాయనా, నా గిత్తకి మళ్లీ పడుచుదనం తెచ్చావు!" అంది. అంకబాబు గురువు వంక చూశాడు. ఆయన ఇసుకలో గొంతుక్కూచుని, చెవులు బండి చప్పుడు మీద పెట్టి, బీడీ వెలిగించడం కూడా మానేశాడు.

ఎండ ముదిరింది. అయిదో ట్రిప్పులో దిబ్బ మొదట్లో నాకేమీ తేడా వినబడలేదు. మేస్త్రి మాత్రం లేచి పరుగెత్తాడు. అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, ఇసుకలో పరుగు! పోయి రెండు చేతులూ చాపి బండికి అడ్డం నిలబడ్డాడు. అంకబాబు కంగారుపడి ఆపాడు. ఆపేముందు విన్నాను నేను, రేకు డబ్బాలో శనగలు పోసి ఆడించినట్టు గలగలమని చప్పుడు. నిప్పు మరీ ముందు పడి, పైకొస్తున్న పిస్టన్‌ను నెత్తిన మొత్తుతున్న చప్పుడట అది.

మేస్త్రి ప్లగ్గు విప్పి శిష్యుడి అరచేతిలో పెట్టాడు. దాని తెల్లటి పింగాణీ మీద వెండి రజను చల్లినట్టు చుక్కలున్నాయి.

"ఇది పిస్టన్, కరుగుతున్నది," అన్నాడు. "వెనక్కి జరుపు."

అంకబాబు స్క్రూడ్రైవరు తీసి ఆగిపోయాడు. వెనక్కి అంటే ఎక్కడికి? గీత ఉంటే గదా! పాత బండి, కంపెనీ వాళ్లు పెట్టిన గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి. రోడ్డు మీద వ్యాను డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఒడ్డున ఇంకా పది గంపలున్నాయి, పైన ఎండ. సింగమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నా గిత్త బతుకుద్దా బాబూ?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది. ఆడవాళ్లు గంపలు నెత్తికెత్తారు, ఒకటి నా నెత్తికీ ఎత్తారు. దిబ్బ సగంలో నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

దిగొచ్చేసరికి అంకబాబు మ్యాగ్నెట్టు చక్రం ఊడదీసి, లోపలికి చూస్తూ బొమ్మలా కూర్చున్నాడు. వైర్ల కింద అడుగున గ్రీజు ముద్ద ఒకటి అంటుకుని ఉంటే గుడ్డతో తుడిచాడట. దాని కింద సన్నటి గీత తళతళలాడుతున్నది. సగం ప్లేటు మీద, సగం ఇనుము మీద. రెండు సగాలకూ మధ్య వడ్లగింజంత ఎడం.

"ఇదెప్పుడు గీశారు గురువుగారూ?"

"నువ్వు టీకి పోయినప్పుడు."

వాడు స్క్రూలు వదులు చేశాడు. రెండు గీతలనూ కలిపి, అక్కణ్ణుంచి వెంట్రుకవాసి ముందుకు జరిపి, స్క్రూలు బిగించాడు. ఈసారి తొందరపడలేదు. బండి చల్లారాక కిక్కు కొడితే తన్నకుండా అందుకుంది. ఆరు కాదు, అయిదు గంపలు వేశారు. గిత్త రొప్పకుండా, గంతులు వేయకుండా, బుద్ధిగా దిబ్బ ఎక్కి దిగింది. మిగిలిన గంపలన్నీ ఐసుకు చేరాయి. ఏడేళ్లు నేర్పి, ఎనిమిదో ఏట శిష్యుడు మరిచిపోయే గీతను తాను ముందే గీసి, వాడి పరువు పోకుండా గ్రీజు పూసి కప్పిన ఆ ముసలాయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆయనకు చెబితే మళ్లీ బిందె ఇస్తాడని ఊరుకున్నాను.

సింగమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ పడవ నీడన కూర్చున్నాం. అంకబాబు గ్లాసు కింద పెట్టాడు.

"గురువుగారూ, గురువారం షాపు తెరవను. నాకింకా రాలేదు. ఇంకో రెండేళ్లు మీ దగ్గరే ఉంటాను."

మేస్త్రి చొక్కా జేబులోంచి దబ్బనం తీసి, కొనకు అంటిన గ్రీజును బొటనవేలితో తుడిచాడు. తుడిచి, దాన్ని వాడి జేబులో గుచ్చాడు.

"మరీ వెనక్కి జరిపితే మంట సైలెన్సర్లో మండుద్ది రా. అదీ చేటే," అన్నాడు. లేచి లుంగీకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. "ముహూర్తం తొమ్మిదింటికి గదా? నేను ఎనిమిదిన్నరకే వస్తా. షట్టర్ తీసి ఉంచు."