దగ్గు కూడా నేర్చుకున్న గోరింక

అనగనగా ఒక వెదురు అడవి. ఆ అడవిలో ఏటా తొలకరి చినుకు పడిన రోజున అందరూ పోగై ఒక పాట వినేవారు. ఆ పాట తెలిసింది ఒక్క పికిలమ్మకే. పికిలమ్మంటే నెత్తిన నల్ల కుచ్చు ఉన్న ముసలి పికిలిపిట్ట. ఎంత గొప్ప పిట్టనుకున్నారు! ఒక వేసవిలో అడవికి నిప్పంటుకుంటే, ఆమె తన గూడు వదిలేసి, పొగలోనే చెట్టుచెట్టుకూ తిరిగి, అరిచి అరిచి అందరినీ తప్పించింది. అందరూ బతికారు. ఆమె గొంతు మాత్రం పాడైంది. అప్పటినుంచి పాటలో అన్నిటికన్నా పై స్వరం దగ్గరికి రాగానే ఆమెకు "క్హుఁ" అని దగ్గు వచ్చేది. ఆ మాట మర్యాదకొద్దీ ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒకరోజు తుర్రి అనే గోరింక పిల్ల ఆమె దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాకు తొలకరి పాట నేర్పండి" అని మొక్కింది.

"నేర్పుతానే. రోజూ పొద్దున్నే రావాలి. నేను చాలనేదాకా పాడాలి" అంది పికిలమ్మ.

పికిలమ్మ ఎవరినీ తిట్టేది కాదు. తప్పు పాడితే ముక్కుతో కొమ్మ మీద టక్కుమని కొట్టేది. అంతే, మళ్ళీ మొదటినుంచి పాడాలి. తుర్రికి టక్కులు పెద్దగా పడలేదు. విన్నది విన్నట్టు అప్పజెప్పడం గోరింకలకు పుట్టుకతోనే వచ్చు కదా! మొదటి నెలలో పాట మొదలు వచ్చేసింది. రెండో నెలలో నడుమ భాగం వచ్చేసింది. మూడో నెలలో తుర్రి పాటంతా ఏకబిగిన పాడింది. పై స్వరం దగ్గరికి వచ్చి "క్హుఁ" అంది.

నవ్వకండి. పాపం, దగ్గు కూడా పాటలోదే అనుకుంది.

టక్! మళ్ళీ పాడింది. టక్! ఇంకోసారి పాడింది. ఈసారి ఇంకా శ్రద్ధగా దగ్గింది.

అటుగా పోతున్న నెమలి ఆగిపోయింది. "ఆహా! కళ్ళు మూసుకుంటే అచ్చం పికిలమ్మే! అమ్మడూ, ఈ తొలకరికి నువ్వే పాడాలి" అంది.

తుర్రి ఉబ్బితబ్బిబ్బయింది. కానీ పికిలమ్మ మొహం చిన్నబోయింది.

"ఏంటమ్మా? మీలాగే పాడాను కదా?"

"నాలాగే పాడావే. అదే నా దిగులు. అక్కడ నాది దగ్గు. ఆ చోట ఒక స్వరం ఉంది, దాన్ని పాడే గొంతు నాకిప్పుడు లేదు. నువ్వూ దగ్గితే, రేపు నీ దగ్గర నేర్చుకునేవాళ్ళూ దగ్గుతారు. అక్కడొక స్వరం ఉండేదని కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది."

"మరి అదెలా ఉంటుందో చూపించండి."

"చూపించలేను తల్లీ. నీ గొంతుతో నువ్వే వెతకాలి. దొరికితే నేను గుర్తుపడతాను."

తొలకరి నాలుగు రోజుల్లో ఉంది. దగ్గుతో పాడినా అడవంతా మెచ్చుకుంటుంది. తుర్రికి ఆశ లేకపోలేదు. అయినా నెమలి దగ్గరికి వెళ్ళి, "ఈ ఏడు నేను పాడను మావయ్యా. నాకింకా పాట రాలేదు" అని చెప్పేసింది. ఆ ఒక్క మాటకే నాకు ఆ పిల్లంటే ఎంత ముచ్చటో!

ఆ ఏడాదంతా తుర్రి గొంతు కీచుమంది, బొంగురుపోయింది. చిలకలు పకపకా నవ్వాయి. దొరికిందనుకున్న స్వరం మర్నాటికి జారిపోయేది. టక్, టక్, టక్. కొమ్మ మీద బెరడు ఊడిపోయింది గానీ, పికిలమ్మకు విసుగు రాలేదు.

మళ్ళీ తొలకరి వచ్చింది. తుర్రి పాడింది. పై స్వరం దగ్గరికి రాగానే అడవంతా అలవాటుగా దగ్గు కోసం చూసింది. పికిలమ్మ కూడా అలవాటుగా ముక్కు ఎత్తింది.

దగ్గు రాలేదు. ఒక స్వరం వచ్చింది. నిండుగా వచ్చి, చినుకుల మధ్య అలా నిలబడింది.

"పికిలమ్మలా లేదే!" అంది నెమలి.

ఎత్తిన ముక్కు ఎత్తినట్టే ఉంది. కొమ్మ మీద టక్కుమనలేదు. పికిలమ్మ కళ్ళు తడిశాయి.

"నాలా లేదు. మా గురువమ్మ పాడినప్పుడు ఇలాగే ఉండేది" అంది. తర్వాత తుర్రి వైపు తిరిగి, "ఇక చాలే" అంది.

నీతి: గురువు మీద నిజమైన భక్తి ఉన్నవాళ్ళు ఆమె దగ్గును కాదు, ఆమె నేర్పాలనుకున్న పాటను పట్టుకుంటారు.