ఫలితాలు లేవు

నరహరయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు ఒక జిల్లా గ్రంథాలయాన్ని నడిపి, ఇప్పుడు ఆ కొలువులో కొత్తగా చేరినవాళ్ళకు అక్కడే పని నేర్పుతున్నారు. ఎవరేమి అడిగినా, అడిగినవాడి చేతనే ఏదో ఒక పని చేయించడం ఆయన పద్ధతి.

ఒకనాడు ఓబులేసు అనే శిష్యుడు అడిగాడు. "అయ్యవారూ, పద్దెనిమిది వేల పుస్తకాలు కంప్యూటర్లో ఎక్కించినాం. అయినా పాఠకులు దొరకలేదని వెళ్ళిపోతారు. పెళ్ళికొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని పెళ్ళెవరికని అడిగేవాళ్ళకు మనమేం చెయ్యగలం?"

తక్కినవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఓబులేసును మూడో నంబరు కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. పాఠకులు టైపు చేసిన ప్రతి మాటా, దానికి ఎన్ని పుస్తకాలు దొరికాయో, తేదీలవారీగా అందులో నిలిచి ఉంటాయి. నాలుగేళ్ళ కిందటి ఒక వారం తీసి, పైకి చదవమన్నారు.

సోమవారం ఉదయం, కానిస్టేబుల్ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు. నూట పన్నెండు దొరికాయి. ఆ మధ్యాహ్నమే, పసిబిడ్డ ఒళ్ళు పచ్చబడింది. ఫలితాలు లేవు. మంగళవారం, బిడ్డ కళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. ఫలితాలు లేవు. బుధవారం తలుపులు తెరవగానే, బిడ్డ పాలు తాగడం లేదు. ఫలితాలు లేవు. పావుగంట తరువాత, బిడ్డ ఏడవడం కూడా మానేసింది.

ఓబులేసు గొంతు తగ్గిపోయింది. ఎవరో తన భుజం మీదుగా అదే తెర చూస్తున్నట్టనిపించి వెనక్కి తిరిగాడు. గోడ తప్ప ఏమీ లేదు. ఇంకొక్క వరుస మిగిలింది. ఎవరైనా ఉన్నారా. దానికీ యంత్రం అదే జవాబిచ్చింది. అక్కడి నుంచి ఆ వారమంతా తెర ఖాళీ.

అతను గబగబా పుస్తకాల జాబితా వెతికాడు. ఆ జబ్బు మీద పుస్తకం ఉంది. అంతకు ఏడాది ముందే ఎక్కించారు. అలమారలోంచి తీసి చూస్తే, బిడ్డ పచ్చబడి పాలు మానితే ఒక్క గంట కూడా ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలని మొదటి పేజీలోనే ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడానికి ఇచ్చిన మాటలు మాత్రం మూడే: నవజాత శిశువు, కామెర్లు, చికిత్స.

ఆ మాటలు ఎవరు ఇచ్చారని అడిగితే, తానేనన్నారు నరహరయ్యగారు. బిడ్డ ఏమైందని అడిగితే, తెలియదన్నారు. అలా వెతికిన మనిషి మళ్ళీ రాలేదు, పేరైనా తెలియదు. మన తప్పు ఎవరికి తగిలిందో తెలియనంత మాత్రాన తప్పు చిన్నది కాదు.

"ఆ రోజు మీరు సెలవులో ఉన్నారేమో, అయ్యవారూ," అన్నాడు ఓబులేసు, అవునంటే బాగుండునన్నట్టు.

"లేదు నాయనా. ఈ కంప్యూటరుకు పది అడుగుల దూరంలో నా బల్ల దగ్గరే ఉన్నాను. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది హాలు. పని చక్కగా సాగుతోందనుకున్నాను."