శశిరేఖ తీసిన కార్డు

జోస్యం కార్డులు చూడటం నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తల్లోనే మంజువాణికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఎన్నిసార్లు పరిచినా కార్డులు ఒక్క మాట మీద నిలబడటం లేదు.

ఆమె అడిగేది ఒకటే. అక్క బతుకుతుందా?

బిట్రగుంట రైల్వే కాలనీలో డోరతీ ఆంటీని ఎరగని వాళ్లు లేరు. రైలింజను డ్రైవరు భార్య. ఆయన పోయాక ఆ ఊళ్లోనే ఒక పెంకుటింట్లో ఒంటరిగా ఉండిపోయింది. టారో అనే ఈ బొమ్మల కార్డులు చూడటం వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. మనసులో బరువున్న వాళ్లు ఎవరో ఒకరు రోజూ ఆమె గడప తొక్కుతూనే ఉండేవాళ్లు. మంజువాణి మాత్రం వేసవిలో ఏదో సరదాకి వెళ్లి శిష్యురాలిగా కుదిరింది. చురుకైన పిల్ల. బొమ్మ చూపిస్తే చాలు, దాని అర్థాలు గడగడా అప్పజెప్పేది.

వానలు మొదలయ్యేసరికి శశిరేఖ మంచాన పడింది. అమ్మ పోయాక మంజువాణిని పెంచింది ఈ అక్కే. రవికెలు కుట్టి చదివించింది. రొమ్ములో మొదలైన క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకిందన్నారు. నెల్లూరు ఆసుపత్రిలో చేయగలిగిందంతా చేసి, "ఇంక ఇంటికి తీసుకుపోండమ్మా" అన్నారు.

అప్పట్నుంచి మంజువాణి ముందు గదిలో చాప మీద కార్డులు పరుచుకుని కూర్చుంది. మంచి కార్డు వస్తే నమ్మబుద్ధి కాదు. చెడ్డది వస్తే గబగబా కలిపేసి మళ్లీ పరుస్తుంది. లోపలి గదిలోంచి "మంజూ" అని సన్నగా వినిపిస్తే, "వస్తున్నా అక్కా, ఇదొక్కటీ చూసి" అంటుంది. ఆ ఒక్కటీ ఎప్పటికీ అయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం, తుఫాను వానలో, ఆంటీ గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చింది. చాప మీద మృత్యువు కార్డు పడి ఉంది. తెల్లగుర్రమెక్కిన అస్థిపంజరం.

"ఇది చావేనా ఆంటీ?" మంజువాణి తలెత్తి అడిగింది. "మార్పు అని కూడా చెప్పారు కదా మీరు. ఇప్పుడు ఏదనుకోవాలి?"

 ఆంటీ కష్టం మీద వంగి, కార్డులన్నీ ఏరి చేతిలోకి తీసుకుంది.

"అక్క ఏదీ?"

"లోపల. నిద్రపోతోంది."

"చూశావా?"

మంజువాణి తల దించుకుని ఆంటీ వెనకే లోపలి గదిలోకి నడిచింది.

శశిరేఖ నిద్రపోవడం లేదు. పైకప్పు పెంకుల వైపు చూస్తూ పడుకుని ఉంది. ఆంటీ మంచం పట్టె మీద కూర్చుని, దుప్పటి మీద కార్డులు బోర్లా పరిచింది.

"శశీ, ఒకటి తియ్యమ్మా."

"నాకెందుకు ఆంటీ, ఇప్పుడు జోస్యాలు?"

"జోస్యం కాదులే. బొమ్మ చూద్దువుగాని."

చీపురుపుల్లలా అయిపోయిన చెయ్యి దుప్పటి మీద పాకి ఒక కార్డు లాగింది. శశిరేఖ దాన్ని తిప్పగానే మంజువాణి మొహం వెలిగిపోయింది.

"నక్షత్రం! ఆంటీ, నక్షత్రం వచ్చింది! అంటే ఆశ, ఆరోగ్యం, కష్టం గట్టెక్కడం..."

ఆంటీ చెయ్యెత్తి ఆపింది. శశిరేఖ వైపు వంగింది.

"నీకేం కనిపిస్తోందమ్మా?"

శశిరేఖ కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరో ఒకావిడ... కూజాతో నీళ్లు వంపేస్తోంది." ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంది. "ఆ నీళ్లు కాసిని నా గొంతులో పోస్తే బాగుండు."

 మంజువాణి వంటింట్లోకి పరుగెత్తింది.

గ్లాసుతో, చెంచాతో వచ్చి అక్క తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. ఆ తల ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. పెదవులు పగిలి, మూలల్లో రక్తం గడ్డకట్టి ఉంది. ఉదయం నుంచీ ఈ మొహం తను చూడనే లేదు. చెంచాడు చెంచాడుగా పోసింది. సగం చెంపల మీదుగా కారింది. మిగిలింది శశిరేఖ కళ్లు మూసుకుని మింగింది.

బయట వాన తగ్గలేదు. ఆంటీ కార్డులు గుడ్డలో చుట్టి, వెళ్లడానికి లేచింది. గుమ్మం దగ్గరికి చేరేసరికి మంజువాణి ఉండబట్టలేక, అక్కకి వినపడకుండా అడిగింది.

"ఆంటీ, నిజం చెప్పండి. అక్క బతుకుతుందా?"

ఆంటీ గొడుగు తెరుస్తూ వెనక్కి చూసింది.

"ఇప్పుడు బతికే ఉంది కదమ్మా."

మంజువాణి అక్క మంచం దగ్గరికి తిరిగొచ్చింది. చెంచా గ్లాసులో ముంచింది.

ఆ వాన వెలిసే లోపే శశిరేఖ పోయింది. అప్పటిదాకా మంజువాణి ఆ మంచం పక్కనుంచి కదల్లేదు.