ఓబులమ్మ ఎటు చూసింది?

తొలకరికి గడ్డి ఏపుగా పెరిగిందంటే చాలు, అందులో బతికే నేలనెమళ్లనే పిట్టల్లో మగవాళ్లకు కాళ్లు నిలవవు. ఒకే చోట నిలబడి పొద్దంతా గాల్లోకి ఎగిరి దిగడమే పని. ఆడపిట్టలు పొంచి చూసి, నచ్చినవాడి దగ్గరకు నడిచి వెళ్తాయి. ఆ జాతిలో పెళ్లిచూపులంటే అవే.

వాళ్లలో ఒకడైన చెంగయ్య కూడా ఎగిరాడు. అతను మనసుపడ్డ ఓబులమ్మ ఒకసారి చూసేది, మరుక్షణం మిడతను పొడుచుకుని తినేది. ఆ చూపుకు అర్థమేమిటో తెలియక అతనికి బుర్ర తిరిగిపోయింది. ఎత్తు చాలలేదా? రెక్కల చప్పుడు నచ్చలేదా? మిడతపాటి విలువ కూడా తనకు లేదా? వానలు వెనకబడితే ఆమె వేరే చోటికి ఎగిరి వెళ్లిపోతుంది. అదీ అతని దిగులు.

"ఏమల్లుడూ, మొగం అట్ల వేలాడేసినావు?" అంది దూరంగా గట్టు మీద కూర్చున్న నక్క.

అడగకూడనివాళ్లనే అడిగాడు చెంగయ్య. "ఆ పిల్లకు నేను నచ్చినట్టా, నచ్చనట్టా మామా?"

"ఎగిరేటప్పుడు దిక్కులు చూస్తాండావు. ఆడపిల్లకు అది గిట్టదు. కండ్లు మూసుకోని ఎగురు. యాడ ఎగిరితే ఆడనే దిగు. నిలకడైనోడని కరిగిపోతాది."

మర్నాడు చెంగయ్య అలాగే కళ్లు మూసుకుని ఎగిరాడు. కాసేపటికి ఉండబట్టలేక, ఆమె కరిగిందో లేదో చూద్దామని గాల్లో ఒక కన్ను తెరిచాడు. ఓబులమ్మ అసలు అతన్ని చూడటమే లేదు. బిగుసుకుపోయి, అతని కాళ్ల కింది గడ్డిని చూస్తోంది. నన్ను కాదని గడ్డిని చూసేదేమిటని ఉక్రోషంగా తనూ అటే చూశాడు. అక్కడ నక్క నోరు తెరుచుకుని కూర్చుంది.

"నక్క, ఓబులమ్మా, పరిగెత్తు," అని అరుస్తూ పక్కకు మళ్లి ఎలాగో దిగాడు. అతని కోసం పైకి దూకిన నక్క రేగుపొదలో పడి, ముక్కు నిండా ముళ్లతో మూలుగుతూ పోయింది.

ఓబులమ్మ మాత్రం పరిగెత్తలేదు. నడిచి అతని దగ్గరకే వచ్చింది.

"ఇప్పుడొచ్చినావేమి? ఈ తూరి నేను సరిగ్గా ఎగరనే లేదే," అన్నాడు చెంగయ్య అయోమయంగా.

"ఇన్నాళ్లూ నేను నిన్ను చూస్తాండానా లేదా అనే నీకు యావ. నేనేం చూస్తాండానో ఈపొద్దే చూసినావు."

"అయితే ఎత్తు సంగతేమి?"

ఓబులమ్మ మిడతను పట్టి, సగం అతని ముందు పెట్టింది. దానికి అర్థమేమిటో చెంగయ్యకు మళ్లీ తెలియలేదు. తినేశాడు.

నీతి: తనను చూస్తున్నారా లేదా అని వెతుక్కోవడం మాని, ఎదుటివారు ఎటు చూస్తున్నారో చూసినవాడికే మనసు దక్కుతుంది.