ఒక్క ఈగ పట్టే తలుపు

మంచుకోన అడవిలో కుందేళ్లు, అడవికోళ్లు, వడ్రంగిపిట్టలు, ఉడుతలు ఉండేవి. ఆ ఉడుతల్లో బుడమకు లెక్కలంటే ప్రాణం. రాలిన ఆకును కూడా లెక్కపెట్టనిదే వదిలేది కాదు.

మార్గశిర మాసంలో చలి ముదిరాక ఒక తేనెటీగల గుంపు అక్కడికి వచ్చి వాలింది.

"ఎలుగుబంటి మా పట్టు పీకేసింది. ఎనిమిది వందల మందిమి మిగిలాం. చుక్క తేనె లేదు. మోదుగలు పూసేదాకా బతికితే చాలు తల్లీ!" అంది రాణీగ బుడమతో.

వడ్రంగిపిట్ట టకటకరాయుడు రొమ్ము విరుచుకున్నాడు. "నా మేడ ఉండగా దిగులెందుకు? ఇప్పచెట్టంతా తొలిచి కట్టాను. తలుపే జానెడు!"

"మామా, వీళ్లు పిడికెడు మంది. అంత బోలులో వెచ్చదనం ఎలా నిలుస్తుంది?" అంది బుడమ.

"నువ్వు గింజలు లెక్కపెట్టుకోవే! ఇళ్ల సంగతి నాకు చెబుతావా?"

ఈగలు మేడలో చేరాయి. వరసగా మూడు రోజులు పొద్దున్నే బుడమ ఆ చెట్టు కిందికి వెళ్లింది. రోజుకు నలభై ఈగలు రాలి ఉన్నాయి. బుడమ గబగబా మేడ తలుపు దాకా ఎక్కింది.

"రాణమ్మా, ఇంకా ఆరు వందల ఎనభై మంది ఉన్నారు. ఇలాగైతే పదిహేడు రోజుల్లో ఒక్కరూ మిగలరు. మోదుగ పూతకేమో అరవై రోజులుంది. నా తొర్రలోకి రండి!"

బుడమ తన గింజలన్నీ రాతి సందులోకి మోసింది. ఖాళీ అయిన తొర్రలో సగం దాకా ఎండుగడ్డి కూరింది. ఈగలు చేరగానే తడి పుట్టమన్నుతో తలుపు మెత్తి, ఒక్క ఈగ పట్టేంత కంత వదిలింది. రోజూ ఎండ పొడ తగలగానే తాటిచెట్టులాంటి జీలుగు చెట్టెక్కి గెల కొరికి, కారిన తియ్యటి నీటిని ఆకుదొప్పలో తెచ్చి కంత దగ్గర పెట్టేది.

లోపల ఈగలు ముద్దలా కూడాయి. బయటి వరుస చల్లబడితే లోపలి వరుస జరిగి చోటిచ్చేది.

"ఇల్లా అది, అగ్గిపెట్టెనా?" అని రాయుడు పగలబడి నవ్వాడు. పంతం కొద్దీ తన తలుపును ఇంకో జానెడు తొలిచాడు.

పుష్యమాసపు ఈదురుగాలికి డొల్లయిన ఇప్పచెట్టు నడుముకు విరిగింది. మేడ నేలపాలైంది. రాయుడు బండచాటున వణుకుతూ చలికాలం గడిపాడు.

అరవయ్యో రోజున కోనంతా మోదుగలు ఎర్రగా విరిశాయి. కంతలోంచి ఒక ఈగ బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఒక్కొక్కటే రావడంతో బుడమకు లెక్క తప్పలేదు.

"ఆరు వందల ఆరు!" అని అది కొమ్మ మీద గంతులేసింది. జంతువులన్నీ కేకలు పెట్టాయి. ఈగలు జుమ్మంటూ పూల మీదికి దూకాయి.

రాయుడు తల దించుకుని వచ్చాడు. "బుడమా, కొత్త ఇల్లు తొలుచుకుంటున్నాను. తలుపు ఎంత పెట్టమంటావు?"

"నువ్వు పట్టేంత, మామా! నీ గొప్ప పట్టేంత కాదు."

అందరితో పాటు రాయుడు కూడా నవ్వేశాడు.

నీతి: సాయం చేసేటప్పుడు మన గొప్పను కాదు, ఎదుటివారి అవసరాన్ని కొలవాలి.