మజ్జిగ పోసిన మరబొమ్మ

ఒకానొక రాజుగారి మరబొమ్మ పని మొదలెడితే, అది పూర్తయ్యేదాకా ఇంకో మాట వినేది కాదు. దానికి పనులు చెప్పే కొలువు మీద ఆశతో గానుగ తోలే గంగులు వచ్చాడు.

"తొమ్మిది భాషలు వచ్చా, నాలాగా?" అన్నాడు మంత్రి మార్తాండయ్య.

"ఒకటే వచ్చు దొరా."

"అయితే నడువు."

"వెళ్తాను. తమరు దానిచేత ఒక్కసారి మజ్జిగ పోయించుకుంటే కళ్లారా చూసి వెళ్తాను."

మంత్రి పొంగిపోయి, లోటా చాచి, "మజ్జిగ పొయ్యి" అన్నాడు. లోటా నిండింది, పట్టుపంచె తడిసింది. తొమ్మిది భాషల్లో ఆపమని అరిచినా, కుండ ఖాళీ అయ్యేదాకా బొమ్మ ఆగలేదు.

అంతా చూస్తున్న రాజు నవ్వాపుకుని, గంగులుతో "నువ్వయితే ఏమంటావురా?" అన్నాడు.

"లోటా నిండేవరకు పోయమంటాను ప్రభూ."

కొలువు గంగులుకే దక్కింది. పంచె ఎలా తడిసిందో ఇంటావిడకు చెప్పడానికి మాత్రం మంత్రిగారికి తొమ్మిది భాషలూ చాలలేదట.