ఎడమ చెయ్యి

"పేదవాడి మెడ మీదా మీ ప్రాక్టీసు?"

వార్డంతా వినేలా అడిగింది సుభాషిణి. రక్తనాళాల సర్జరీలో ఆమె శిక్షణ పూర్తి కావస్తోంది. ఇంతవరకు ఆమె చేతిలో ఒక్క తప్పూ జరగలేదు. ఆ సంగతి ఎవరినీ మర్చిపోనిచ్చేది కాదు.

ఎదురుగా జూనియర్ డాక్టర్ ప్రణీత్ తల వంచుకుని నిలబడ్డాడు. లారీ డ్రైవర్ మస్తాన్‌కు డయాలసిస్ కోసం మెడ కుడివైపు సిరలో వెయ్యాల్సిన గొట్టాన్ని, పక్కనున్న ధమనిలో వేశాడు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళమది. ఎర్రటి రక్తం ఎగజిమ్మగానే గొట్టం మూసి, కదపకుండా ఉంచి, తనే పెద్ద సర్జన్‌కు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాడు.

జవాబుదారీతనం లేని వైద్యం హింసేనని, ఇలాంటివాళ్ళను ప్రభుత్వాసుపత్రి గడప తొక్కనివ్వకూడదని సుభాషిణి ఇంకా అంటూనే ఉంది. మెదడు కుడివైపుకు రక్తం అందక మస్తాన్ ఎడమ చెయ్యి పడిపోతే మళ్ళీ స్టీరింగ్ పట్టలేడు.

పెద్ద సర్జన్ జకరయ్యగారు అంతా విని, "నువ్వే కుట్టమ్మా," అన్నారు. ప్రణీత్‌నూ థియేటర్లోకి రమ్మన్నారు.

సుభాషిణి మెడ తెరిచింది. ధమనిని పైనా కిందా బిగించి, గొట్టం తీసి, వెంట్రుకంత దారంతో చిల్లు మూసింది. చుక్క కారలేదు. లక్షలు గుంజే ఏ ఆసుపత్రిలోనూ అంతకంటే మంచి కుట్టు దొరకదు.

ఆ థియేటర్లో ఒక ఆనవాయితీ ఉంది. రోగికి మెలకువ రాగానే, ప్రాణం నిలిపినవాళ్ళు మొదట చెయ్యి అందించి నొక్కమంటారు. మస్తాన్ కళ్ళు తెరవగానే సుభాషిణి గ్లవ్స్ తీసి ముందుకొచ్చింది.

"ప్రణీత్, ఇటు రా బాబూ. నీ చెయ్యివ్వు," అన్నారు జకరయ్యగారు.

"సార్, కుట్టింది నేను."

"అవును. నాకూ అంత నున్నగా రాదు." ఆయన ట్రేలోంచి గొట్టం తీసి చూపించారు. "ఇతను భయపడి దీన్ని లాగేసి, తప్పు దాచిపెట్టుంటే, నువ్వు వచ్చేసరికి కుట్టడానికి మనిషి మిగిలేవాడా? ఇదే పొరపాటు నీ చేతిలో జరిగితే నాకు ఫోన్ చేస్తావా?"

"నా చేతిలో జరగదు సార్."

"అదేనమ్మా నా భయం."

ప్రణీత్ చెయ్యి చాచాడు. మస్తాన్ ఎడమ చేతి వేళ్ళు మెల్లగా కదిలాయి, ముడుచుకున్నాయి.

"నొక్కుతున్నాడు సార్." కాసేపయ్యాక మళ్ళీ అన్నాడు, "వదలట్లేదు."

సుభాషిణి స్టూలు తెచ్చి ప్రణీత్ వెనక వేసింది.